కుదురుకు ఒక్క మొక్క

ఈ ఏడు సంక్రాంతికి నాలుగు రోజుల ముందు మా ఇంటి వెనక ఖాళీ జాగాలో పొద్దుతిరుగుడు గింజలు పెట్టాను. జాగా అంటే పెద్దదేమీ కాదు. తిరుపతిలో మేం అద్దెకుంటున్న ఇంటికీ ప్రహరీగోడకీ మధ్య రెండు మంచాలు పట్టేంత మట్టి. ఇంటివాళ్ళు మిగిలిన ఇసుకా, పగిలిన పెంకులూ పడేసి వదిలేసిన చోటు. రెండు ఆదివారాలు కూర్చుని రాళ్ళు ఏరి, రెండు బస్తాల పశువుల ఎరువు కలిపి, జానెడున్నర దూరానికొకటి చొప్పున వేలితో గుంటలు చేశాను. ఒక్కో గుంటలో మూడేసి గింజలు. ఒకటి పుచ్చుది కావచ్చు, ఒకదాన్ని చీమలు లాక్కుపోవచ్చు, కనీసం ఒకటైనా మొలవకపోతుందా అని. ఇరవై గుంటలు, అరవై గింజలు.

ఆరో రోజు పొద్దున మట్టిపెళ్ళలు పైకి లేచి ఉన్నాయి. గింజ తొక్కని నెత్తిన టోపీలా మోసుకుంటూ మొలకలు వంగి బయటికొస్తున్నాయి. పదోరోజుకి లెక్కపెడితే అరవైలో యాభైనాలుగు మొలిచాయి. డాక్టరేట్ వచ్చిన రోజు కూడా అంత సంబరపడలేదంటే మీరు నమ్మరు. ఆ సంబరం వారం రోజులే. వ్యవసాయశాఖ వాళ్ళ కరపత్రాల్లో పొద్దుతిరుగుడు సాగు గురించి ఒక మాట తప్పకుండా ఉంటుంది. విత్తిన పదిహేను ఇరవై రోజులకి కుదురుకు ఒక బలమైన మొక్కని ఉంచి మిగతావి పీకెయ్యాలి. లేకపోతే అన్నీ ఒకదానితో ఒకటి పోటీపడి సన్నగా సాగి, పువ్వు చిన్నదై, గింజ తాలుపోతుంది. నేను మూడు రోజులు దాని దగ్గర కూర్చుని లేచి వచ్చేశాను.

మొక్కని పీకడం పాపమా అని నేనడగడం లేదు. రోజూ కొత్తిమీర కట్ట వేళ్ళు కోసి పారేసే దాన్ని, ఆ సందేహం నాకు లేదు. నన్ను ఆపింది వేరే. ఒక కుదురులో రెండు మొక్కలు సరిగ్గా ఒకే ఎత్తున, ఒకే పచ్చదనంతో ఉన్నాయి. వీటిలో ‘మిగులు’ ఏది? మూడు గింజలు వేసింది నేను. నా భయానికి హామీగా వేసుకున్నాను. ఇప్పుడు హామీ అవసరం తీరిపోయింది కాబట్టి రెండు ఎక్కువయ్యాయంటున్నాను. ఎక్కువ అనేది మొక్కల్లో లేదు, నా లెక్కలో ఉంది. అయినా మొక్కలే ఒకదాన్నొకటి తొక్కేసుకుంటున్నట్టు, నేను మధ్యవర్తినైనట్టు మాట్లాడతాం మనం.

ఆ నాలుగోరోజే అక్క వచ్చింది. మా మేనత్త మనవడి పుట్టువెంట్రుకలకని ఊళ్ళో వాళ్ళంతా జీపులో తిరుమలకి వచ్చారు. దర్శనమయ్యాక వాళ్ళు తిరిగి వెళ్ళిపోతే అక్క ఒక్కతే దిగి మా ఇంట్లో రెండు రోజులుంది. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని వెనక్కి వచ్చి చూసి, “ఏందిమే, ఇంకా ఒత్తు తియ్యలేదా?” అంది. గ్లాసు గోడ మీద పెట్టి గొంతుక్కూర్చుంది. ఉంచాల్సిన మొక్క మొదల్ని ఎడమచేతి రెండు వేళ్ళతో నొక్కిపట్టి, కుడిచేత్తో పక్కదాన్ని లాగేస్తోంది. అలా నొక్కకపోతే ఉండాల్సిన దాని వేరు కూడా కదులుతుందట. ఐదు నిమిషాల్లో ముప్పై నాలుగు మొక్కలు పక్కన కుప్పగా పడ్డాయి. నేను తేల్చుకోలేకపోయిన ఆ కుదురు దగ్గర కూడా ఆమె చెయ్యి ఆగలేదు.

మా ఊరు అప్పటి కర్నూలు జిల్లాలో, ఇప్పటి నంద్యాల జిల్లాలో, కోవెలకుంట్ల వైపు. నాయనకి నాలుగెకరాల నల్లరేగడి. 1969లో సోవియట్ దేశం నుంచి తెచ్చిన రకాలతో మన దేశంలో నూనెపంటగా మొదలైన పొద్దుతిరుగుడు, నేను పుట్టేటప్పటికి మా వైపు చేలల్లో మామూలైపోయింది. తర్వాత శనగ వచ్చి దాన్ని పక్కకి నెట్టింది గానీ, నా చిన్నప్పటి జ్ఞాపకాల్లో శీతాకాలమంటే పసుపురంగే. మా ఇంట్లో మేం ముగ్గురం. అక్క, నేను, తమ్ముడు. 2002లో అక్క పదోతరగతి ఫస్టుక్లాసులో పాసై ఇంటర్లో చేరింది. ఆ ఏడు దేశమంతా కరువు. మా నల్లరేగడి నోరు తెరిచింది. దసరాకి అక్క కాలేజీ మానేసింది. మానిపించారు అని రాయాలో మానేసింది అని రాయాలో ఇప్పటికీ నాకు తేలలేదు. ఇంట్లో అన్న మాట మాత్రం బాగా గుర్తుంది. ఇద్దరాడపిల్లల్ని చదివించలేం, ఒక్కదాన్నైతే చదివించగలం.

ఈ వాక్యాన్ని చాలా ఏళ్ళు నేను కరువు గురించిన వాక్యం అనుకున్నాను. పెద్దయ్యాక, అంటే స్త్రీవాదం చదవడం మొదలుపెట్టాక, అందులో లేనిది కనిపించింది. తమ్ముడు. ఒక్కరినే చదివించగలం అనలేదు నాయన, ఆడపిల్లల్లో ఒక్కదాన్ని అన్నాడు. వాడు వేరే కుదురు. వాణ్ణి కూడా లెక్కలో వేసి ముగ్గురిలో ఎవరు అని అడగొచ్చన్న ఆలోచన అమ్మకీ రాలేదు, అవ్వకీ రాలేదు, చదువుకుంటున్న నాకూ రాలేదు. వాడు ఇంటర్ తప్పి ఇప్పుడు ట్రాక్టరు తోలుకుంటున్నాడు. మంచివాడే, అది వేరే సంగతి. మరి మా ఇద్దరిలో నన్నెందుకు ఉంచారు? బలమైన మొక్కననా? కాదు. బలమైంది అక్క. పదహారేళ్ళకే ఇద్దరు మనుషుల పని చేసేది. అందుకే తీశారు. పదమూడేళ్ళ నేను చేనుకి పోయినా పెద్దగా పనికొచ్చేదాన్ని కాదు కాబట్టి పుస్తకాలకి మిగిలాను.

అక్క సీడు కంపెనీల కోసం వేసిన చేలల్లోకి పూలు రుద్దడానికి పోయేది. హైబ్రిడ్ విత్తనం కట్టే చేలో మూడు నాలుగు ఆడ సాళ్ళకి ఒక మగ సాలు వేస్తారు. ఆడ సాళ్ళలోని పువ్వుకి పుప్పొడి ఉండదు, అట్లా తయారుచేసిన రకం అది. తేనెటీగలు చాలకపోతే ఆ పనిని ఆడవాళ్ళే చెయ్యాలి. పొద్దున ఎనిమిది తొమ్మిది గంటల నుంచి పదకొండు దాకా, మగ పువ్వు మీద అరచేతినో మెత్తటి గుడ్డనో రుద్ది, ఆ పొడిని ఆడ పువ్వుల మీద రుద్దుతూ పోవాలి. రోజు విడిచి రోజు, పూత అయిపోయేదాకా. మామూలు చేలో కూడా గింజ నిండడానికి ఇట్లా రుద్దమనే చెప్తారు. పొద్దుతిరుగుడు ఆకు, కాడ అన్నీ బరక. అక్క ఇంటికొచ్చేసరికి మోచేతుల దాకా ఎర్రగా గీరుకుని, అరచేతులు పసుపు పూసినట్టుండేవి. పేరంటానికి పోయొచ్చావా అని నేను ఎగతాళి చేసేదాన్ని. ఆ కూలి డబ్బులతో నా హాస్టలు ఖర్చు నడిచింది. ఆ కూలి డబ్బులతోనే నేను మొదటిసారి సొంతంగా ఒక కథల పుస్తకం కొనుక్కున్నాను.

ఇదంతా మనసులో తిరుగుతుంటే, ఆ పీకిన మొక్కల కుప్ప చూస్తూ అనేశాను. “మన ఇంట్లో కూడా ఇట్లే కదక్కా చేసినారు. నిన్ను తీసేసి నన్ను ఉంచినారు.”

అక్క మట్టిచేతులు దులుపుకుంటూ నా వైపు చూసింది. “నన్ను ఎవురు పీకినారే? పీకితే చస్తాది మొక్క. నేను చచ్చినానా? ముప్పై మందిని ఎంటేసుకోని సీడు చేలకు పోయినా. కూలి తక్కువిస్తే ఆసామి ఇంటి ముందర కూర్చుని ఇప్పించినా. ఇద్దరు పిల్లోళ్ళను పెంచినా. నీకు రాసుకోను కతే కావాలంటే ఇంగోటి చూసుకో.”

కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

అబ్బూరి ఛాయాదేవి ‘బోన్సాయ్ బ్రతుకు’ కథ చదివినవాళ్ళకి ఈపాటికి గుర్తొచ్చే ఉంటుంది. అందులోనూ పల్లె నుంచి వచ్చిన అక్కయ్య, ఢిల్లీలో ఉద్యోగం చేసుకునే చెల్లెలు, కుండీలో మరుగుజ్జు చెట్టు. ఆ చెట్టుని చూసి ఆడదాని బతుకుతో పోల్చేది అక్కయ్యే. ఆ కథ మీద నా థీసిస్‌లో ఒక అధ్యాయంలో సగం రాశాను. చదువుకోని అక్క నోటి నుంచి ఆ పోలిక రావడంలోనే కథ బలం ఉందని వాదించాను. ఇప్పుడు నా ఇంట్లో, నా కుండీల మధ్య, పోలిక తెచ్చింది చదువుకున్న చెల్లెలు. అక్క దాన్ని తీసి అవతల పారేసింది. ఒక మనిషి బతుకుని నష్టంగా చదవడం కూడా ఒక రకమైన కత్తిరింపేనేమో. ఆమెకి జరిగిన అన్యాయం నిజం. అది జరగలేదని ఆమె కూడా అనలేదు. కానీ ఆ అన్యాయం దగ్గరే ఆమెను నిలబెట్టేసి, ఆ తర్వాతి ఇరవై రెండేళ్ళనీ నేను చూడకుండా వదిలేశాను. ఆమె నాకు బాధితురాలిగా ఉంటే నా అపరాధభావానికి సౌకర్యంగా ఉండేది.

ఇక్కడ ఇంకో చిక్కుంది. తను ఇచ్చానంటుంది, నేను తీసుకున్నారంటాను. పదహారేళ్ళ పిల్ల ‘చెల్లెలు చదవనీలే’ అని ఒప్పుకుంటే దాన్ని ఒప్పుకోలు అనొచ్చా? వేరే దారి చూపించకుండా అడిగిన ప్రశ్నకి వచ్చిన జవాబు కదా అది. సెమినార్లలో అయితే ఈ మాట నేను తడుముకోకుండా చెప్తాను. కానీ ఆమె ముందు కూర్చుని, ‘నువ్విచ్చింది ఇవ్వడం కాదు, నీ చేత లాక్కున్నారు’ అని చెప్పడానికి నేనెవరిని? ఇచ్చానన్న గౌరవాన్ని కూడా ఆమె నుంచి నేనే లాక్కోవాలా? అలాగని ఆమె ఇచ్చింది అని ఒప్పేసుకుంటే నాయన వాక్యం ఏ మచ్చా లేకుండా బయటపడిపోతుంది. రెండూ నిజమే అనుకుని ఊరుకోవడం తేలిక. ఊరుకోలేకపోతున్నాను.

ఆ రాత్రి పడుకోబోయే ముందు అక్క అసలు సంగతి చెప్పింది. “పాపకు ఈ మార్చితో ఇంటరైపోతాది. డిగ్రీకి ఈడికే పంపిద్దామనుకుంటాండా. తెలుగు చదువుతాదంట, నీ మాదిరి. నీ కాడ పెట్టుకుంటావా?”

నేను “చూద్దాం అక్కా” అన్నాను. రెండు గదులే కదా అన్నాను. కాలేజీలో నాది కాంట్రాక్టు ఉద్యోగం, మూడు నెలలుగా జీతం లేదు, వచ్చే ఏడు ఉంచుతారో లేదో తెలీదు అన్నాను. మా సహచరుడి అమ్మగారు కూడా అప్పుడప్పుడూ వచ్చి ఉంటారు అన్నాను. అన్నీ నిజాలే. అక్క “ఊఁ, అవును లే” అని అటు తిరిగి పడుకుంది.

మర్నాడు ఆమెను బస్సెక్కించి వచ్చాక, ఆ పీకిన మొక్కలు వాడిపోయి పడి ఉన్నాయి. ఎందుకో వాటిని తీసి, గోడవారగా మట్టి తడిపి నాటాను. పొద్దుతిరుగుడుకి తల్లివేరు ఉంటుంది. అది తెగితే మళ్ళీ నాటుకోవడం కష్టం. ముప్పై నాలుగులో రెండు బతికాయి.

మిగతా ఇరవై మాత్రం ఏపుగా లేచాయి. నలభై రోజులకి మొగ్గ తొడిగాయి. పొద్దున తూర్పుకి, సాయంత్రం పడమరకి మొగ్గలు తిరగడం రోజూ చూసేదాన్ని. పతి మొహం చూస్తూ తిరిగే పతివ్రతకి ఇంతకన్నా మంచి పోలిక దొరకదనిపిస్తుంది. మన కావ్యాల్లో సూర్యుడి కోసం విచ్చుకునేది తామరపువ్వే. పొద్దుతిరుగుడు అమెరికా ఖండం మొక్క, పూర్వకవులకి అది తెలిసే అవకాశం లేదు. తెలిసుంటే దీన్నీ వదిలేవాళ్ళు కాదు. సంస్కృతంలో సూర్యకాంతం అంటే పువ్వు కాదు, ఒక రాయి. ముట్టుకుంటే చల్లగా ఉండి, ఎండ తగిలితే నిప్పు కక్కుతుందని నమ్మిన రాయి. శాకుంతలంలో కాళిదాసు దాన్ని మునులకి పోలిక తెచ్చాడు. ఇక తెలుగువాళ్ళకి సూర్యకాంతం అంటే పువ్వూ కాదు, రాయీ కాదు, గయ్యాళి అత్తే. ఆ నటి తన వేషాల్ని ఎంత బాగా వేసిందంటే, ఇంత అందమైన పేరుని కూతురికి పెట్టుకోవడానికి జనం జంకారని చెప్పుకుంటారు. నోరున్న ఆడదాన్ని ఒక పేరుతో పాటు ఊరవతల పెట్టేశాం.

అదలా ఉంచితే, మొగ్గ విచ్చుకున్నాక ఆ తిరగడం ఆగిపోయింది. ఇరవై పూలూ ఒకే వైపు, తూర్పుకి తిరిగి నిలబడిపోయాయి. ఏదో తెగులనుకుని భయపడి వెతికితే తెలిసింది, ముదిరిన పువ్వు ఎక్కడా తిరగదట. 2016లో ‘సైన్స్’ పత్రికలో దీని మీద ఒక పరిశోధన వచ్చింది. పగలు కాడకి తూర్పువైపు భాగం ఎక్కువ పెరుగుతుంది, అందువల్ల తల పడమరకి వాలుతుంది. రాత్రి పడమటివైపు భాగం పెరిగి తల మళ్ళీ తూర్పుకి వస్తుంది. రాత్రిపూట సూర్యుడు లేకుండానే తిరిగి వస్తోందంటే మొక్కలోనే ఒక గడియారం ఉందన్నమాట. పెరుగుదల అయిపోతే తిరగడమూ అయిపోతుంది. తూర్పుకి తిరిగిన పువ్వు పొద్దున్నే త్వరగా వేడెక్కి తేనెటీగల్ని ఎక్కువగా పిలుచుకుంటుంది. భక్తి కాదు, విరహం కాదు, ఎదగడానికి చేసే పని. ఇంకో వింత కూడా తెలిసింది. అంచున పసుపు రేకుల్లా ఉండేవి ఒక్కొక్కటీ ఒక పువ్వు, కానీ గింజ కట్టని పువ్వు. గింజ కట్టేవి నడుమ బిళ్ళలో ఎవరూ చూడని వందలాది చిన్న పూలు. దీన్ని కూడా స్త్రీల శ్రమకి ఉపమానం చెయ్యాలని చెయ్యి దురదపెట్టింది. ‘ఇంగోటి చూసుకో’ అన్న మాట గుర్తొచ్చి మానుకున్నాను.

మార్చి మధ్యలో ఒక పొద్దున, తేనెటీగలు సరిగా రావడం లేదని, పాత చున్నీ ముక్క తీసుకుని పువ్వుల్ని రుద్దడానికి వెళ్ళాను. ఇరవై పువ్వులే. సగం అయ్యేసరికి చేతులు దురద, మెడ నొప్పి. అరచేయి తిప్పి చూసుకుంటే పసుపు. ఇన్నేళ్ళూ ఆ రంగు నేను అక్క చేతుల మీదే చూశాను.

అక్కడ నిలబడే ఉండగా, జనవరి రాత్రి నేనన్న మాటలు వరసగా వినబడ్డాయి. రెండు గదులే కదా. జీతం లేదు కదా. వాటిలో అబద్ధం లేదు. నాయన చెప్పిన దాంట్లో కూడా అబద్ధం లేదు, కరువు నిజంగానే వచ్చింది. లేమి లేదని ఎవరూ అనలేరు. ఆ లేమిని లెక్కకట్టేటప్పుడు ఏది కాగితం మీదికి వస్తుంది, ఏది రాదు అన్న దగ్గరే అసలు సంగతి ఉంటుంది. నాయన లెక్కలో తమ్ముడు రాలేదు. నా లెక్కలో నా చదువు గది రాలేదు. రెండు గదులన్నాను కదా, మూడోది ఉంది. నాలుగు అల్మరాల పుస్తకాలూ, ఒక బల్లా, ఒక కుర్చీ. ఆడదానికి సొంత గది ఎందుకు ముఖ్యమో క్లాసులో చెప్పి చెప్పి, దాన్ని గదుల లెక్కలో చేర్చడమే మర్చిపోయాను. మర్చిపోవడం కూడా కాదు. అది గది అని నాకు తట్టలేదు.

నా పక్షాన నేను వాదించుకోకుండా ఏం లేను. ఆ గది నాకు ఊరికే రాలేదు. పెళ్ళయిన ఆరేళ్ళకి, పోట్లాడి తెచ్చుకున్నాను. ఆ గదిలోనే థీసిస్ పూర్తిచేశాను. త్యాగం చెయ్యమని ఆడవాళ్ళనే అడుగుతారని, ఒకామె గౌరవంగా కాదనడం కూడా హక్కేనని నేనే ఇంతకుముందు రాశాను. ఇప్పటికీ అది తప్పనుకోను. కానీ ఆ హక్కుని నేను అత్తగారి దగ్గర వాడలేదు, కాలేజీ వాళ్ళ దగ్గర వాడలేదు, నన్ను ఏటేటా ఇదిగో అదిగో అంటూ తిప్పుతున్న వాళ్ళ దగ్గర అసలే వాడలేదు. మొట్టమొదటిసారి వాడింది అక్క మీద.

ఇంత అర్థమయ్యాక వెంటనే ఫోన్ చేసి ఉండాల్సింది. చెయ్యలేదు. పరీక్షలన్నాను, పేపర్లు దిద్దడమన్నాను. ఏప్రిల్లో పూల తలలు వంగి, వెనక భాగం పసుపుపచ్చగా మారింది. రామచిలుకలు వచ్చి నాలుగు తలలు ఖాళీ చేశాయి. మిగతావి కోసి, ఎండబెట్టి, కర్రతో కొట్టి చెరిగితే రెండున్నర కిలోల గింజ వచ్చింది. గోడవార ఆ రెండూ మోకాలెత్తు దాటలేదు. అరచేతంత పూసి, ముప్పై నలభై గింజలు కట్టాయి. వాటిని విడిగా ఒక కాగితంలో పొట్లం కట్టాను, ఎందుకో నన్నడగొద్దు.

ఫోన్ చేసేసరికి జూన్ వచ్చింది. “అక్కా, పాపను పంపించు. గది ఉంది” అన్నాను.

“ఇప్పుడెందుకులే మే. నంద్యాలలో చేర్పిస్తాండాం. హాస్టలుకు కూడా కట్టేసినాం. పొదుపు సంఘంలో లోను తీసుకున్యా.”

“తెలుగేనా?”

“కాదు, కంప్యూటర్లు. తెలుగు చదివితే చిన్నమ్మ మాదిరి జీతం లేకుండా ఉండాల్సొస్తాదని వాళ్ళ నాయన వద్దన్యాడు.” నవ్వింది. నేను నవ్వలేకపోయాను. లోను కంతులు నేను కడతానన్నాను. “కంతులదేముంది, కట్టుకుంటాం లే. దసరా సెలవులకు పంపిస్తా, పది దినాలు పెట్టుకో. దానికి నీ పుస్తకాలు చూడాలని ఉంది.”

మొన్న ఆదివారం మా సహచరుడూ నేనూ కలిసి ఒక అల్మరాని హాల్లోకి జరిపాం. గోడవార ఒక మంచం పట్టేంత జాగా వచ్చింది. మంచం ఇంకా కొనలేదు.